కర్తాజు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ కర్తాజు గారి సముఖమునకు,

నిన్న మధ్యాహ్నం టోల్‌గేటు దగ్గర, ఖాతాలో డబ్బు ఉన్నా యంత్రం నా ఫాస్టాగును చదవనని మొరాయించగా, రెట్టింపు రుసుము కట్టి ముప్పావుగంట ఎండలో నిలబడ్డ నాకు తమరు గుర్తుకు వచ్చారు. హిందూ మహాసముద్రంలో తిరిగే ఓడలకు పోర్చుగీసువారు అమ్మిన అనుమతి చీటీ తమరు; డబ్బు కట్టినవాణ్ణే ఆపే విద్యలో తమరే కదా ఆదిగురువు!

తమరి పుట్టుక గురించి ఎక్కువ తవ్వను. 1498లో వాస్కో ద గామా కాలికట్టు రాజు జామోరిన్‌కు కానుకలంటూ పన్నెండు గుడ్డలు, ఆరు టోపీలు, చేతులు కడుక్కునే పళ్లేలు తీస్తే చూసినవాళ్లు నవ్వారు. నవ్విన నాపచేనే పండింది. నాలుగేళ్లకు ఆయన తిరిగి వచ్చి యాత్రికుల ఓడనొకదాన్ని మనుషులతో సహా తగలబెట్టాడు. ఆ వెనుకే తమరు కాగితమై వెలిశారు.

ఓడ పేరు, దాన్ని నడిపే నఖుదా పేరు, ఆయుధాల లెక్క, చేరబోయే రేవు తమరి మీద రాయించుకుని, మిరియాల జోలికి పోమని ఒప్పుకుని, పోర్చుగీసు రేవులో ఆగి సుంకం కట్టాలి. తమరి ధర స్వల్పమే, దెబ్బంతా ఆ సుంకంలో ఉంది. తమరు లేని ఓడ దొరికితే సరుకంతా వారిదే. రక్షణ ఎవరి నుంచి అంటే, అమ్మినవారి నుంచే.

పోనీ, కొన్నవారికైనా అది దక్కిందా? జహంగీరు తల్లి మరియం ఉజ్ జమానీ ఓడ రహీమీ తమరిని సక్రమంగా వెంటపెట్టుకుని, దాదాపు ఏడు వందల మందితో వస్తుండగా, 1613లో సూరతు ఎదుటే పోర్చుగీసువారు పట్టుకుని గోవాకు ఈడ్చుకుపోయారు. అప్పుడు తమరు ఎక్కడున్నారు? నఖుదా పెట్టెలో మడత నలగకుండా పడుకున్నారా? కొడుకు చక్రవర్తి కనుక వారి దమన్‌ను ముట్టడింపజేశాడు, ఆగ్రాలో చర్చి మూయించాడు. అదే నాలుగు మూటల అద్దకం బట్టలతో బయలుదేరిన బందరు వర్తకుడైతే ఎవరితో మొరపెట్టుకోవాలి? సిగ్గు లేదా తమరికి? డబ్బు తీసుకున్నారు, ముద్ర వేశారు, మాట ఇచ్చారు, ఆ మాటనే ఓడతో సహా ఎత్తుకుపోయారు!

మోటుపల్లి రేవులో 1244లో కాకతి గణపతిదేవుడు వేయించిన శాసనం తమరు చదివి ఉండరు. గాలివానకు ఒడ్డున పడ్డ ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ముట్టనని ఆయన రాతి మీద చెక్కించాడు. ఆ రాయికి అభయశాసనమని పేరు. తమరిని ఏమని పిలవాలో నాకింకా తోచలేదు.

ఇట్లు,
రెండింతలు కట్టి, రసీదు కూడా పుచ్చుకున్న ఒక బాటసారి