వాగ్దానం కార్డు గారికి ఒక ఉత్తరం

ప్రియమైన వాగ్దానం కార్డుకి,

వందనాలు. నన్ను గుర్తుపట్టావా? డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో పన్నెండు దాటాక కేకు ముక్క చేత్తో పట్టుకుని లైన్లో తోసుకుంటూ వచ్చి, కొత్త ఏడాదికి దేవుడిచ్చే మాట అని తీసుకునే బైబిల్ వచనాల కార్డుల్లో, స్టీలు పళ్ళెంలో బోర్లా పడుకున్న నిన్ను కళ్ళు మూసుకుని తీశాను చూడు, ఆవిణ్ణే. కళ్ళు మూసుకుని అన్నా గానీ సగమే మూశాలే. అసలు ముందు వేరేది తీశా. యాకోబు 1:19, వినడానికి త్వరపడాలి మాట్లాడ్డానికి నిదానించాలి అని. ఇదేదో మా ఆయనకి రావాల్సింది నా చేతికొచ్చింది అనుకుని పాస్టరమ్మగారు అటు తిరగ్గానే మళ్ళీ లోపల పెట్టేశా. రెండోసారి నువ్వొచ్చావు. ద్వితీయోపదేశకాండము 28:13, నిన్ను తలగా నియమించును గాని తోకగా నియమింపడు. ప్రభువు నాతో ఎంత స్పష్టంగా మాట్లాడాడో కదా, రెండో ట్రైలోనే.

ఇంటికొచ్చి నిన్ను బీరువా తలుపుకి సెల్లోటేప్ వేసి అంటించా. సాక్ష్యం కూడా చెప్పేశా, ఈ సంవత్సరం దేవుడు నన్ను తలగా చేస్తానన్నాడండి అని. మార్చిలో ఆఫీసులో సీనియర్ పోస్టు నాకంటే నాలుగేళ్ళు చిన్నమ్మాయికి ఇచ్చారు. ఇదేంటి ప్రభువా అని ఏడ్చి, పోనీ ఆ అధ్యాయం మొత్తం చదువుదామని (మొత్తం చదవడం అదే మొదటిసారి, నీ దగ్గర దాపరికం ఎందుకు) బైబిల్ తీశా. 68 వచనాలు. దీవెనలు 14తో అయిపోయాయి, 15 నుంచి చివరిదాకా శాపాలే. నీ మీద అచ్చేసిన ఆ 13లోనే ఆజ్ఞలు విని గైకొంటే అనే మాట ఉంది, అది నీ మీద లేదు, గులాబీ పువ్వు బొమ్మకి చోటు చాల్లేదేమో. ఇంకా కిందకెళ్తే 44లో అతడు తలగా ఉండును నీవు తోకగా ఉందువు అని ఉంది. అదే తల, అదే తోక. ఈ 44 కార్డు ఏ పళ్ళెంలోనైనా ఎవరికైనా వచ్చిందేమో కనుక్కుని చెప్పు. మా తోటికోడలికి వచ్చిన యిర్మీయా 29:11 (నావి సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు అనేది) కథా అంతే, పైనున్న పదో వచనంలో బబులోనులో 70 ఏళ్ళు ఉండాలని ఉంది, అది చెప్తే వారం రోజులు నాతో మాట్లాడలేదు.

నిన్ను తిట్టడానికి రాయట్లేదులే. మీ వంశం మంచిదే. 1728లో జర్మనీలో హెర్న్‌హుట్ అనే ఊళ్ళో ఆ రోజుకో వాక్యం అని మొదలుపెట్టారంట, 1731 నుంచి పుస్తకంగా వేస్తున్నారు, ఇప్పటికీ చీటీలు తీసే వచనాలు ఎంచుతారు. కాకపోతే ఆ మొదట్లో ఒక మనిషి ఇంటింటికీ వెళ్ళి ఆ వాక్యం చెప్పి, ఎలా ఉన్నారు అని కూడా అడిగి వచ్చేవాడంట. నువ్వు ఎవర్నీ ఏమీ అడగవు. అందుకే నువ్వంటే నాకిష్టం.

అసలు సంగతి అడిగే గొంతు ఇంకోటుంది. పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుంటే చాలు, మా అక్క మొహం కనపడుద్ది. అమ్మ పోయాక రెండు పేటల గొలుసు దగ్గర మాటా మాటా అనుకుని రెండేళ్ళయింది. గొలుసు నా బీరువాలోనే ఉంది, నీకు తెలుసుగా, మీ ఇద్దరి మధ్యా ఒక్క రేకు తలుపే అడ్డం. అక్కకి ఫోన్ చెయ్యి, అంతే వినపడుద్ది, పెద్ద ఉరుమూ లేదు మెరుపూ లేదు. నేనేమో వెంటనే సాతానా యేసు నామంలో పో అని గద్దిస్తా. రెండేళ్ళు ఇలాగే గద్దించా. మొన్న గిన్నెలు తోముతుంటే అనిపించింది, నన్నూ మా అక్కనీ కలపాల్సిన అవసరం సాతానుకేంటి అని? వాడికేం లాభం? బైబిల్లో చిన్న సమూయేలు పాపం దేవుడి పిలుపుని యాజకుడు ఏలీ పిలుపనుకుని మూడుసార్లు లేచి పరిగెత్తాడు, పిల్లోడు, తెలియక. నేను సండేస్కూల్లో ఆ కథే చెప్తా, పిల్లల చేత యాక్షన్ కూడా చేయిస్తా.

నాకు నచ్చిన మాటైతే ప్రభువు మాట్లాడాడు అంటా, నచ్చందైతే శోధన అంటా, ఇదీ నా వివేచన వరం. నీకు ఈ బాధ లేదు, ఏడాది పొడుగునా ఒకటే మాట, అదీ నాకు కావాల్సిందే.

మొత్తానికి నిన్న రాత్రి ఫోన్ చేశా. ఎత్తగానే "ఏంటే ఈ టైంలో, ఎవరికైనా బాలేదా?" అంది. ఊరికే అన్నా. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలా, వెనకాల వాళ్ళ కుక్కర్ కూస్తా ఉంది. ఏం అడగాలో తోచక నీకు ఈ ఏడాది ఏ వాగ్దానం వచ్చిందే అన్నా. తల తోక అంది. వాళ్ళ సంఘం వేరు, ప్రెస్సు మాత్రం ఒకటే అయ్యుంటుంది. ఇద్దరం తలలమే, ఇంక ముందు ఫోన్ చేసేదెవరు.

గొలుసు మాట ఇంకా ఎత్తలేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రమ్మంది. నిన్ను తీసి బ్యాగులో పెట్టా, బీరువా తలుపు మీద టేపు మరక నీ సైజులో అలాగే ఉంది, కిరోసిన్ పెట్టి రుద్దినా పోవట్లా.

ఇట్లు,
28:13 అనుకుని 28:44 దాకా వచ్చిన ఒక సోదరి