డొమైన్‌కి అప్పగింతలు

"మీరు మమ్మల్ని విడిచి వెళ్తున్నారని తెలిసి మా మనసు బరువెక్కింది" అని ఒక కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. బరువెక్కదా మరి! మొదటి ఏడాది 99 రూపాయలకి కట్టేసుకుని, ఆ తర్వాత ఏటా పదిహేను వందల చొప్పున పితుకుతున్న గేదె పలుపు తెంపుకుని పోతానంటే ఎవరి మనసైనా బరువెక్కుతుంది.

ఆ గేదె, తణుకులో పచ్చళ్లు పెట్టి అమ్మే మా పిన్ని వెబ్‌సైటు పేరు, అంటే డొమైన్. డాట్ కామ్. దాన్ని పాత రిజిస్ట్రార్, అంటే ఇలాంటి పేర్లమ్మే దుకాణం, దగ్గర్నుంచి వేరే చవక రిజిస్ట్రార్ దగ్గరికి మార్చిపెట్టమని పిన్ని నన్నడిగింది. ఇంట్లో "కంప్యూటర్లు తెలిసినవాడు" అని ఒకసారి పేరు పడ్డాక ప్రింటరు దగ్గర్నుంచి పెళ్లి వీడియో దాకా అన్నీ మన నెత్తికే చుట్టుకుంటాయి. సాయంత్రం కాఫీలోపు అయిపోతుందన్నాను. అది సంక్రాంతి వెళ్లిన మర్నాడు. పని పూర్తయ్యేసరికి కొత్తావకాయ జాడీలకెక్కింది.

అసలు మారేదేమిటో ముందు చెప్పాలి. డాట్ కామ్ పేర్లన్నీ, ఏ దుకాణంలో కొన్నా, చివరికి వెరిసైన్ అనే ఒక్క సంస్థ చిట్టాలోనే ఉంటాయి. దుకాణాల దగ్గర అది తీసుకునే టోకు ధర 2024 సెప్టెంబరులో ఏడాదికి 10.26 డాలర్లయింది, అంటే సుమారు తొమ్మిది వందల రూపాయలు. పైదంతా దుకాణంవాళ్ల ఆప్యాయత ఖరీదు. ట్రాన్స్‌ఫర్ అంటే ఆ చిట్టాలో "ఈ పేరు ఫలానా దుకాణం ఖాతా" అన్న ఒక్క గడి మారడం. సర్వర్ ఉన్నచోటే ఉంటుంది. పచ్చళ్లు తణుకులోనే ఉంటాయి.

సెల్‌ఫోన్ కంపెనీల మీద మనకెంత గౌరవమో అందరికీ తెలుసు. అలాంటివాళ్లే 2011 నుంచి దారికొచ్చారు. పోర్ట్ అని కొట్టి, నంబరు వేసి 1900కి పంపితే కోడ్ వస్తుంది. ఆ కోడ్ పట్టుకుని సందు చివర గొడుగు కింద కూర్చున్న కుర్రాడి దగ్గరికి వెళ్తే, ఒకే సర్కిల్లో అయితే మూడు పనిదినాల్లో నంబరు కంపెనీ మారిపోతుంది. గొడుగు కింద జరిగే పని, అద్దాల మేడల్లో ఎందుకు జరగదో నాకు ఈ నాలుగు నెలల్లో బోధపడింది.

ముందు తాళం తీయాలి. పేరు దుకాణం దాటిపోకుండా వేసే ఈ తాళాన్ని ట్రాన్స్‌ఫర్ లాక్ అంటారు. "కొనండి" బటన్ ప్రతి పేజీలోనూ పెరుగన్నం ముద్దంత కనిపిస్తుంది. తాళం తీసే మీట మాత్రం సెట్టింగుల్లో, అడ్వాన్స్‌డ్ లోపల, మూడు చుక్కల వెనకాల, బూడిద రంగు మీద బూడిద రంగులో నక్కి ఉంది. దాన్ని పట్టుకోవడానికి రెండు సాయంత్రాలు. ఆ తర్వాత ఆథ్ కోడ్ కావాలి, అంటే కొత్త దుకాణంలో చూపించాల్సిన రహస్య సంకేతం. దానికి మీట కూడా లేదు, చాట్‌లో అడగాలట. అడిగాను. సంభాషణ ఇంగ్లీషులో నడిచింది, నేను తెలుగు చేశాను. దుఃఖం మాత్రం అవతలాయన సొంతం.

"సర్, మీరెందుకు వెళ్తున్నారో తెలుసుకోవచ్చా?"

"ధర ఎక్కువైందండీ."

"మీకోసం ప్రత్యేకంగా ముప్పై శాతం తగ్గిస్తాం సర్."

"వద్దండీ. కోడ్ ఇవ్వండి."

"నలభై."

"నేనడిగేది కోడ్, కొరమేను కాదు."

"మీ బాధ నాకు అర్థమైంది సర్. ఇంకేమైనా సహాయం కావాలా?"

"ఇదే సహాయం. కోడ్."

"తప్పకుండా సర్. రెండు నిమిషాలు ఆగండి."

ఆ రెండు నిమిషాల్లో మా ఇంట్లో కుక్కర్ ఎక్కి, దిగి, పప్పుకి తాలింపు కూడా అయింది. తిరిగొచ్చి చూస్తే, మీ వైపు నుంచి స్పందన లేదు కాబట్టి సంభాషణ ముగిస్తున్నాం, మా సేవకి ఎన్ని నక్షత్రాలిస్తారు అని ఉంది. రేవతి దాకా ఇరవయ్యేడు ఇద్దామనుకున్నాను. ఐదే ఉన్నాయి.

పెళ్లిళ్లలో అప్పగింతలు బోలెడు చూశాను. అమ్మాయి చేతులు పాలగిన్నెలో ముంచి అత్తమామల చేతుల్లో పెడతారు, సన్నాయాయన ఏడుపు రాగం ఎత్తుకుంటాడు, ముఖం కూడా తెలియని చుట్టాలు కళ్లొత్తుకుంటారు. అయినా బయట మగపెళ్లివారి బస్సు హారన్ కొట్టగానే అందరూ లేస్తారు. పిల్ల వెళ్తుంది. ఇక్కడ? పిల్ల తండ్రి పందిరి గుంజ పట్టుకుని "నలభై శాతం తగ్గిస్తాను బావగారూ, అమ్మాయిని ఇక్కడే వదిలేయండి" అంటాడు. కాదంటే, గిన్నెలో పాలు లేవంటాడు. పాలకి అర్జీ పెట్టుకోమంటాడు. పెడితే, పాలు పంపేశాం, అమ్మాయి పుట్టినప్పుడు ఆస్పత్రిలో రాయించిన అడ్రసుకి పంపాం, చూసుకోండి అంటాడు. బస్సు హారన్ కొడుతూనే ఉంటుంది. ఆయన తన సేవకి నక్షత్రాలు అడుగుతాడు.

ఆస్పత్రి అడ్రసు మాట ఉత్తినే అనలేదు. ఈ డొమైన్ల లోకానికంతటికీ పెళ్లిపెద్ద ఐకాన్ అనే సంస్థ, 1998లో కాలిఫోర్నియాలో పెట్టారు. కోడ్ అడిగిన ఐదు రోజుల్లోపు ఇచ్చి తీరాలని దాని నిబంధన. మా కంపెనీవాళ్లు నిబంధనకి కట్టుబడి ఐదోరోజు రాత్రి పదకొండున్నరకి పంపారు. నాకు కాదు. 2016లో సైటు కట్టిపెట్టిన కుర్రాడి కాలేజీ మెయిల్‌కి. అప్పుడు బీటెక్ చదువుతున్న ఆ పిల్లాడు యజమాని అన్నచోట తన పేరే రాసేశాడు. ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు. కాలేజీ మెయిల్ ఎప్పుడో మూతపడింది. వాట్సాప్‌లో పట్టుకుంటే, "సారీ అంకుల్, అప్పట్లో తెలీదు, పిన్నిగారి పేరు మీదికి మార్చేద్దాం" అన్నాడు. అని, కాసేపాగి, "గోంగూర దొరుకుతుందా అంకుల్" అన్నాడు.

పేరు మార్చాం. మార్చిన మరుక్షణం కొత్త తాళం పడింది, 60 రోజులకి.

కొత్త దంపతుల్ని ఆషాఢంలో విడదీస్తారు. ఒక్క నెల. అధికమాసం వచ్చి ఆషాఢంలోనే పడితే రెండు నెలలు. ఐకాన్ పంచాంగంలో ఏటా అధికాషాఢమే. కొత్తగా కొంటే 60 రోజులు, దుకాణం మారితే 60 రోజులు, యజమాని పేరు మారిస్తే 60 రోజులు. ఈ చివరి దాన్ని ముందే వద్దని చెప్పుకునే వీలు కొన్ని రిజిస్ట్రార్లు ఇస్తాయి. మాది కూడా ఇచ్చిందట. ఎక్కడ? అదే బూడిద రంగు. చాట్‌లో ఆయన ఆ సంగతి పేరు మార్చాక చెప్పాడు. ఇంతలో డొమైన్ గడువు నలభై ఒకటో రోజున తీరుతోంది. కదలడానికి వీల్లేదు, కట్టకపోతే పేరు పోతుంది. పాత కంపెనీకే ఇంకో పదిహేను వందలు కట్టాను. ఆ రోజు వాళ్ల మనసు తేలికపడే ఉంటుంది.

దొంగల భయం ఉంది, ఒప్పుకుంటాను. 1995లో ఒక ఘనుడు నకిలీ ఉత్తరం పంపి, ఖరీదైన డాట్ కామ్ పేరొకటి తన పేరు మీదికి రాయించుకుంటే, అసలు యజమాని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాడు. అందుకే తాళాలన్నారు. సరే.

మరి మా వీధిలో కుట్టుపని నేర్పే ఆవిడ సంగతేమిటి? ఆవిడకి సైటు చేసిన పెద్దమనిషి కూడా తన పేరే రాసుకున్నాడు. తెలియక కాదు, తెలిసే. మూడేళ్లయ్యాక పేరు కావాలంటే నలభై వేలు ఇమ్మన్నాడు. ఆవిడ చేతిలో ఉన్న రసీదు మీద "వెబ్‌సైట్ ఖర్చులు" అని మాత్రమే ఉంది. రిజిస్ట్రార్‌ని అడిగితే, యజమాని మీరు కాదమ్మా అన్నారు. యజమాని ఎవరో చెప్పమంటే, గోప్యత అన్నారు. ఆవిడ ఏడ్చి ఊరుకుంది. గడువు తీరాక పేరు కొన్నాళ్లు రిజిస్ట్రార్ గుప్పిట్లో ఉంది, తర్వాత 30 రోజులు జరిమానా కడితే తప్ప తిరిగిరాని గదిలో ఉంది, ఆఖరి ఐదు రోజులూ అయ్యాక బజార్న పడింది. పడీ పడగానే ఎవడో ఎత్తుకుపోయాడు. ఆవిడ బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద, ఆడపిల్లలకిచ్చే సర్టిఫికెట్ల మీద ఇప్పటికీ అదే పేరుంది. తెరిస్తే పేకాట!

ఏ దొంగ నుంచి కాపాడాయండీ మీ తాళాలు? సొంత పిన్ని పేరు సరిచేసుకున్న నాకు అరవై రోజుల సంకెళ్లు. వాడికి? పరాయి మనిషి బతుకుదెరువు పేరు తన జేబులో వేసుకున్నప్పుడు వాణ్ని ఒక్క ప్రశ్న అడిగిన తాళం లేదు. డబ్బు కట్టావా, చాలు. సిగ్గు లేదా మీకు? ముప్పై శాతం, నలభై శాతం అని బేరమాడే నోరుందే, "అమ్మా, ఈ పేరు నీ పేరు మీద లేదు, చూసుకో" అని కొనేరోజున ఒక్క మాట చెప్పడానికి ఏమైంది ఆ నోటికి? బూడిద రంగులో అయినా సరే, ఒక్క వాక్యం!

మంచినీళ్లు తాగొచ్చాను.

అరవై ఒకటో రోజున మళ్లీ తాళం, మళ్లీ చాట్, మళ్లీ కోడ్. ఈసారి కోడ్ పిన్ని మెయిల్‌కే వచ్చింది. కొత్త దుకాణంలో వేశాను. పాత కంపెనీ ఐదు రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే మారిపోయినట్టే. మౌనం అర్ధాంగీకారమని మనవాళ్లు సగంలో ఆగారు గానీ, ఐకాన్ దాన్ని పూర్తి అంగీకారం చేసేసింది. ఈ మొత్తం తంతులో నాకు నచ్చిన నిబంధన ఇదొక్కటే. ఆ ఐదు రోజులూ వాళ్లు నోరు మెదపలేదు. ముందే ఆ పని చేసుంటే ఎంత బాగుండేది.

పిన్నికి ఫోన్ చేశాను.

"అయితే ఇంక ఆ పేరు మనదేనట్రా?"

"రెండేళ్ల దాకా మనదే పిన్నీ."

"రెండేళ్లా? శాశ్వతంగా రాయించలేకపోయావూ?"

"ఎంత కట్టినా ఒకేసారి పదేళ్లకి మించి ఇవ్వరు."

"ఓస్, అద్దెకా! దానికా నాలుగు నెలలు?" అంది పిన్ని. అని, డాలస్ పిల్లాడి అడ్రసు రాసుకుంది. కిలో గోంగూర, అరకిలో కొత్తావకాయ. కొరియర్‌కి డొమైన్ రెండేళ్ల ఖర్చు కంటే ఎక్కువైంది. మూడో రోజుకి అందింది.