సవరణ: మోగ్లీ తెలుగులో మాట్లాడలేదు

మొన్నటి పోస్టులో, దూరదర్శన్‌లో తోడేళ్లు పెంచిన పిల్లోడు మోగ్లీ కార్టూన్ సీరియల్ తెలుగులో వచ్చేదని, మన దేశంలోనే తీసినారని రాసినాను. రెండూ తప్పే. ఆ 'జంగిల్ బుక్' జపాన్‌లో నిప్పన్ యానిమేషన్ వాళ్లు తీసింది. అక్కడ 1989లో మొదలై 52 భాగాలు నడిచింది. మనకు 1993లో వచ్చింది, అదీ హిందీలో. మొదట్లో వచ్చే హిందీ పాట మాత్రం మనదే. గుల్జార్ రాస్తే విశాల్ భరద్వాజ్ బాణీ కట్టినాడు. అందులో పులి షేర్ ఖాన్‌కు హిందీలో గొంతు నటుడు నానా పాటేకర్‌ది.

మరి నా చెవిలో తెలుగు యాడ్నించి పడిందంటే, గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో మా పక్కింటక్క నోట్లోనుంచి. ఆయమ్మకు హిందీ వచ్చు. ఆదివారం పొద్దున మేమంతా వాళ్లింట్లో చాప మీద కూర్చుంటే, ఒళ్లో చాట పెట్టుకుని బియ్యంలో రాళ్లేరుతా, టీవీ వైపు తలెత్తకుండానే చెప్పేది: "ఒరేయ్, యాడికి పోతావు, నమలకుండా మింగుతా అంటాండాది పులి." షేర్ ఖాన్ ఆ మాట అనుండడు, అది అక్క సొంత కవిత్వమే! నాకు మాత్రం ఇప్పటికీ ఆ పులిది అనంతపురం యాసే.

పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ మార్చినాను. తప్పు పట్టిన మా చిన్నాయన కొడుకు, తను కూడా ఆ చాప మీదే కూర్చున్నాడు లెండి.