212 మెయిళ్లను ఒక్క ఆదేశంతో తుడిచేశారు

ఇప్పుడే చీమకుర్తి నుంచి ఒంగోలు చేరాను. కర్నూలు రోడ్డు దుమ్ము ఇంకా ఒంటిమీదే ఉంది. ముఖం కూడా కడుక్కోకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఈ కోపం చల్లారితే నేను సర్దుకుపోతాను. ఇది సర్దుకుపోవలసిన విషయం కాదు.

అదొక గ్రానైటు ఎగుమతి కార్యాలయం. అక్కడి మెయిల్ సర్వరును ఒకప్పుడు నేనే నిలబెట్టాను. ఏడాది క్రితం నిర్వహణ వేరే సంస్థకు ఇచ్చారు. శనివారం సాయంత్రం నుంచి అక్కడి మెయిళ్లు బయటికి పోవడం లేదు. ఆఫీసులో ఒకరికొకరు పంపుకొనేవి మాత్రం మామూలుగానే అందుతున్నాయి, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. బుధవారం ఉదయం చెన్నై రేవు దగ్గరి ఏజెంటు ఫోను చేసి, ప్యాకింగ్ లిస్టు ఇంకా రాలేదేమని అడిగితే అప్పుడు తెలిసింది.

సంస్థ తరఫున ఒక కుర్రాడు వచ్చాడు. అతను ఏం చేశాడో సర్వరులోనే వరసగా నమోదై ఉంది, నేను చదివాను. క్యూలో, అంటే బయటికి పోవడానికి సర్వరులో వరసకట్టి ఆగినవన్నీ వెంటనే పంపమని ఆదేశమిచ్చాడు. కదలలేదు. మళ్లీ ఇచ్చాడు. అలా పదకొండుసార్లు! పన్నెండోసారి పోస్ట్‌సూపర్ అనే ఆదేశంతో మొత్తం క్యూను చెరిపేశాడు. చెరిపేసి, అకౌంటెంటు గారితో "మేడమ్, క్యూ ఖాళీ అయింది, ఇక ఇబ్బంది లేదు" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఒక్కసారి, ఒక్కసారి ఆ క్యూ జాబితా చదివి ఉంటే చాలు. ప్రతి మెయిల్ కిందా అది ఎందుకు ఆగిందో, సర్వరులో మెయిళ్లు పంపే సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్సే రాసిపెడుతుంది. ఈ 212 మెయిళ్లూ డొమైన్ పేరు (చిరునామాలో @ తర్వాతి భాగం) వెతకడం దగ్గరే ఆగిపోయాయని, మళ్లీ ప్రయత్నిస్తానని లాగ్‌లో, అంటే సర్వరు రాసుకునే చిట్టాలో, ఈ క్షణానికీ కనిపిస్తోంది. శనివారం ఆఫీసు శుభ్రం చేస్తూ మూలనున్న పాత కంప్యూటరును తీసేశారు. డీఎన్‌ఎస్ పని, అంటే ఆ పేరు ఏ సర్వరుదో వెతికి చెప్పే పని చేసేది అదే. సర్వరులో ఆ పాత కంప్యూటరు చిరునామా ఒక్కటి మార్చి, ఆ తర్వాత పంపమంటే పది నిమిషాల్లో అన్నీ వెళ్లేవి. కారణం అలాగే ఉండగా ఎన్నిసార్లు నెట్టినా ఏం లాభం? నెట్టిన ప్రతిసారీ సర్వరు పాతవాటితోనే కుస్తీ పడుతుంది, కొత్తవి వెనకబడతాయి.

సర్వరు అప్పటికి చేతులెత్తేయలేదు కూడా. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 5 రోజులు పట్టు వదలదు. మొదట కొద్ది నిమిషాలకోసారి, పోనుపోను గంటకోసారి తలుపు తడుతూనే ఉంటుంది. గురువారం సాయంత్రం దాకా గడువుంది. మెయిళ్లు ఒక సర్వరు నుంచి ఇంకో సర్వరుకు ఎలా పోవాలో చెప్పే ఎస్‌ఎంటీపీ ప్రమాణాన్ని 1982లో జాన్ పోస్టెల్ రాశారు, తాత్కాలికానికీ శాశ్వతానికీ తేడా అందులోనే ఉంది. అవతలి సర్వరు జవాబు 4తో మొదలైతే ఇబ్బంది తాత్కాలికం, మళ్లీ ప్రయత్నించాలి. 5తో మొదలైతే ఇక పోదు, పంపినవారికి తిరిగి ఇవ్వాలి. చెరిపేయమని ఎక్కడా లేదు. కారణం అర్థం కాకపోతే క్యూలోనే పక్కన నిలిపి ఉంచే సౌకర్యం కూడా ఉంది. రెండూ అదే ఆదేశంలో ఒక్క అక్షరం తేడా, చెరిపే అక్షరం తెలిసినవాడికి నిలిపే అక్షరం తెలియదా?

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇదే సర్వరు. ఇంటర్నెట్ లేదు, కరెంటు వస్తూ పోతూ ఉంది. రెండు రోజులు మెయిళ్లన్నీ క్యూలోనే ఉన్నాయి. లైను రాగానే ఒక్కటి కూడా పోకుండా అన్నీ చేరాయి. ఆ రోజు నేను ఆ యంత్రానికి దండం పెట్టాను. క్యూ అంటే నాకు అది. జనం తమ మాటను ఒకరి చేతిలో పెట్టి నిశ్చింతగా ఇంటికి వెళ్లే చోటు. మా ఊరి పోస్ట్‌మ్యాన్ చిరునామా దొరక్కపోతే కవరు మీద కారణం రాసి వెనక్కి పంపేవారు. సంచి బరువైందని కాలువలో కుమ్మరించలేదు.

నాకు ఇంత మంట ఎందుకో మా ఇంట్లోవాళ్లకు తెలుసు. 2019లో మా చెల్లెలు నెల్లూరులో ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెప్పేది. అంతకంటే మంచి ఉద్యోగానికి దరఖాస్తు ప్రిన్సిపాల్ ద్వారానే రావాలన్నారు. కళాశాల మెయిల్ నుంచి పంపారు. అవతలివారి పెట్టె నిండిపోయి ఉంది, మెయిల్ క్యూలో ఆగింది. 5 రోజుల తర్వాత తిరిగొచ్చింది. గడువు అంతకు ముందురోజే అయిపోయింది. ఆలస్యమైతే పంపినవారికి ముందే చెప్పమని పోస్ట్‌ఫిక్స్‌లో ఒక్క పంక్తి రాస్తే చాలు. మనం రాయకపోతే ఆ హెచ్చరిక రాదు. ఆ కళాశాలలో ఎవరూ రాయలేదు. రాసి ఉంటే మా చెల్లెలు కాగితాలు పట్టుకుని రాత్రి బస్సెక్కేది. ఇప్పటికీ అదే కళాశాలలో, దాదాపు అదే జీతానికి పనిచేస్తోంది. క్యూ చూడవలసిన మనిషి ఆ ఐదు రోజుల్లో ఒక్కసారైనా చూశాడా? నేను వెళ్లి అడిగితే, సర్వరు బాగానే ఉంది కదండీ అన్నాడు. ఆ మాట నా చెవుల్లోంచి పోదు. ఈరోజు "ఖాళీ అయింది" అన్నది కూడా అదే మాట.

మధ్యాహ్నమంతా లాగ్ ముందు కూర్చున్నాను. ఎవరు ఎవరికి పంపారో అందులో ఉంటుంది, లోపల ఏముందో ఉండదు. 212లో 171కి పంపినవారి దగ్గర నకళ్లు దొరికాయి, మళ్లీ పంపించాను. మిగిలిన 41 బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నేరుగా పంపినవి, వాటి నకళ్లు ఎక్కడా లేవు. అకౌంటెంటు గారు ఆ జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ ఫోను చేసి, మీకు ఏ బిల్లు రావాలండీ అని అడుగుతున్నారు. నేను బయలుదేరేసరికి పంతొమ్మిదో నంబరు దగ్గర ఉన్నారు.