గెయిన్ పది, మిడ్స్ సున్నా, ఎర్త్ పిన్ గోవిందా

గిటార్ ఆంప్ కొనడానికి షాపుకెళ్లిన కుర్రాడు అడిగే ప్రశ్న దేశమంతా ఒకటే: "అన్నా, అన్నిటికన్నా ఎక్కువ గెయిన్ దేనికుంది?" గెయిన్ అంటే గిటార్ సిగ్నల్‌ని ఎంత ఉబ్బించి గరగరలాడించాలో చెప్పే నాబ్. ఏం వాయిస్తావు తమ్ముడూ అంటే "మెటల్" అంటాడు. మెటల్‌లో ఏ రకం? "మెటల్ అన్నా!"

ఇంత స్పష్టత ఉన్నవాడికి సలహా చెప్పడం సాహసమే. అయినా మన ధర్మం మనది.

మార్షల్ జేసీఎం800 2203 అనే ఆంప్ ఉంది. 1981 నాటిది, ఒకే చానల్, వంద వాట్లు. కార్డ్ కొడితే ప్రతి తీగా విడిగా వినబడాల్సిన హార్డ్ రాక్‌కి అంతకు మించి అక్కర్లేదు. ఏసీ/డీసీ బ్యాండు మోతలో గెయిన్ మనవాడు ఊహించుకున్నంత ఉండదు. ఆ మాట చెబితే "అది ముసలాళ్ల ఆంప్" అని పెదవి విరుస్తాడు.

సరే, పీవీ కంపెనీ 5150. గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ కోసం 1992లో వచ్చింది, తర్వాత 6505గా పేరు మారింది. వేగంగా పామ్ మ్యూట్ చేసే (అరచేతి అంచుతో తీగల్ని అదిమి వాయించే) చెయ్యికి, అంటే నోటు ఠక్కున మొదలై ఠక్కున ఆగాల్సిన చోట, ఇదే సరుకు. కాకపోతే గెయిన్ నాబ్ సగం దాటాక పెరిగేది ఎక్కువగా రొదే. మనవాడు డబ్బులిచ్చింది పది వరకు కాబట్టి పదిలోనే పెడతాడు.

మీసా బూగీ డ్యుయల్ రెక్టిఫైయర్ మరో జాతి. విశాలంగా, గోడలా నిలబడే కార్డులకి అది రాజు. తీగల్ని డ్రాప్ సీ అనే మంద్ర శ్రుతికి దించి గబగబా వాయిస్తే మాత్రం బేస్ జావ. మందు తెలిసిందే: ఆంప్‌కి ముందు ట్యూబ్ స్క్రీమర్ పెడల్, దాని డ్రైవ్ సున్నా, లెవెల్ ఫుల్లు. సిగ్నల్ ప్రీఆంప్‌లోకి (ఆంప్‌లో మొదటి దశలోకి) వెళ్లకముందే అది బేస్‌ని కోసి మిడ్స్‌ని (బేస్‌కీ ట్రెబుల్‌కీ నడిమి స్వరాల్ని) ముందుకు తోస్తుంది, రిఫ్ (మళ్లీ మళ్లీ వాయించే ముక్క) బిగుసుకుంటుంది. "డ్రైవ్ సున్నా పెట్టేదానికి పెడల్ ఎందుకన్నా?" అంటాడు. నిజమే, ఎందుకు!

ఇక మనవాడి ప్రయోగశాల చూద్దాం. మియాపూర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు, మూడో అంతస్తు. వంద వాట్ల హెడ్ (స్పీకర్ లేని ఆంప్), దాని కింద నాలుగు పన్నెండంగుళాల స్పీకర్ల క్యాబినెట్. మాస్టర్ వాల్యూమ్ సున్నాకీ ఒకటికీ మధ్య, వెంట్రుకవాసి. అంత తక్కువ మోతలో చెవికి బేసూ ట్రెబులూ సరిగా ఆనవు కనక రెండూ పదికి తిప్పుతాడు, మిడ్స్ సున్నా చేస్తాడు. గదిలో అద్భుతం. ఆదివారం అదే సెట్టింగుతో గంటకింతని కట్టి, బ్యాండుతో కలిసి వాయించే జామ్ రూముకి వెళ్తాడు. బేసంతా బేస్ గిటార్ మింగేస్తుంది, ట్రెబుల్‌ని డ్రమ్స్ మీది తాళాలు (సింబల్స్) తినేస్తాయి, గిటార్‌కి మిగిలిన చోటు మిడ్స్, దాన్నేమో స్వహస్తాలతో పాతిపెట్టి వచ్చాడు. "నేను వినబడట్లేదు" అని వాల్యూమ్ పెంచుతాడు. బేసిస్టు పెంచుతాడు. డ్రమ్మర్ ఇంకా గట్టిగా బాదుతాడు. పాటగాడి పెదాలు కదులుతుంటాయి, ఏ పాటో దేవుడికే తెలియాలి. గంట అయిపోయాక అందరూ కలిసి తీర్మానిస్తారు: ఆంప్‌కి పవర్ చాల్లేదు, రెండొందల వాట్లది కావాలి. వాట్లు రెట్టింపైతే దక్కేది 3 డెసిబెల్స్. మిడ్స్ ఆరుకి తిప్పడం ఉచితం.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. గెయిన్ పదిలో ఉంటే ఆంప్ గిటార్‌ని ఒక్కదాన్నే పెంచదు. ట్యూబ్‌లైట్ చోక్, ఫోన్ చార్జర్, గిటార్‌లో తీగల కంపనాన్ని పట్టే సింగిల్ కాయిల్ పికప్ గుర్రు, అన్నిటినీ పెంచుతుంది. "హమ్ వస్తోంది" అంటాడు. అప్పుడు ఎక్కడినుంచో ఒక మేధావి దిగి చెబుతాడు: ఎర్త్ పిన్ పీకెయ్, పోతుంది.

పోతుంది. ప్రాణం కూడా. ఒరే, గిటార్ తీగలు బ్రిడ్జి మీదుగా, కేబుల్ మీదుగా ఆంప్ చాసీకే (లోహపు చట్రానికే) కలిసి ఉంటాయి. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ దెబ్బతిని 230 వోల్టులు చాసీకి తగిలితే, ఎర్త్ ఉన్నప్పుడు ఫ్యూజు పోతుంది. లేనప్పుడు ఆ కరెంటు తీగల మీద కూర్చుని ఎదురుచూస్తుంది. చెయ్యి తీగల మీద, పెదవి మైకు మీద, మైకుకి మిక్సర్ ద్వారా ఎర్తు. మధ్యలో వైరు నువ్వే. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బ్యాండు గిటారిస్టు లెస్ హార్వీ సరైన ఎర్త్ లేని మైకు ముట్టుకుని వేదిక మీదే చనిపోయాడు. యాభై ఏళ్లు దాటినా ఇంకా పిన్ను విరగ్గొట్టి "చిట్కా" అని చెప్పే వాళ్లకి సిగ్గుండాలి. డాలస్ నుంచి బావ సూట్‌కేసులో తెచ్చిన 120 వోల్టుల హెడ్‌ని ఇక్కడి ప్లగ్గులో నేరుగా గుచ్చి, ఫ్యూజు పోతే సిగరెట్ పెట్టె వెండికాగితం చుట్టేవాళ్లు కూడా అదే జాతి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనరా నాయనా, ఆంప్ వెనక రాసిన వాట్ల కన్నా బాగా పెద్దది. దానికీ మూడు పిన్నులుండాలి.

గెయిన్ నాలుగుకి దించు. ఆంప్, పెడల్ అడాప్టర్ ఒకే బోర్డులో గుచ్చు, వేర్వేరు గోడలకి కాదు. గుర్రు ఇంకా ఉంటే కేబుల్ మార్చు, ట్యూబ్‌లైట్ ఆర్పు. అప్పటికీ వదలకపోతే నాయిజ్ గేట్ (వాయించనప్పుడు రొదని మూసేసే పరికరం) కొను. ఆ పిన్ను జోలికి మాత్రం వెళ్లకు.