ఓడెక్కిన కర్ర, మిల్లులో ఉడికిన కర్ర

కాగితం గుజ్జు కోసం కొట్టిన కర్ర ముక్కలు, అంటే ఉడ్ చిప్స్ ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానం వియత్నాంది. ఆస్ట్రేలియాను వెనక్కి నెట్టి పదేళ్లు దాటింది. ఆ పని చేసిందీ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన అకేషియా చెట్టుతోనే! 2022లో ఆ దేశం సుమారు 158 లక్షల టన్నుల చిప్స్ అమ్మి 280 కోట్ల డాలర్ల దాకా సంపాదించింది. ఆగ్నేయాసియాలో మరే దేశమూ ఆ దరిదాపుల్లో లేదు. అన్ని అడవులున్న ఇండోనేషియా కూడా ఎగుమతి పట్టికలో ఎంతో కిందనే కనిపిస్తుంది. ఇది చూసి, ఈ ప్రాంతంలో గుజ్జుకర్ర పండించేది వియత్నామే అనుకుంటే పొరపాటు.

ఇండోనేషియాలో దుంగ మిల్లు గేటు దాటాకే చిప్స్ అవుతుంది, అక్కడే ఉడికి గుజ్జవుతుంది. దక్షిణ సుమత్రాలోని ఓకీ మిల్లు సామర్థ్యం ఏటా 28 లక్షల టన్నుల గుజ్జు. టన్ను గుజ్జుకు రెండు టన్నుల ఎండు చిప్స్ చొప్పున చూసినా, ఆ ఒక్క మిల్లుకే 56 లక్షల టన్నులు కావాలి. దేశం మొత్తం మీద గుజ్జు ఉత్పత్తి 80 లక్షల టన్నులు దాటింది. అంటే ఏ ఎగుమతి పట్టికలోనూ కనిపించని చిప్స్ 160 లక్షల టన్నులకు పైమాటే. వియత్నాం ఓడలెక్కించినదానికి ఇది ఏమాత్రం తీసిపోదు. వియత్నాంలో ఆ స్థాయి గుజ్జు మిల్లులు లేవు కనుకే దాని కర్ర రేవు దాకా వచ్చి లెక్కకు ఎక్కుతోంది.

క్వి న్యోన్ లాంటి రేవు పట్టణానికి వచ్చే లారీలో ఉన్నది బెరడు ఒలిచిన సన్నటి దుంగలు. పచ్చి కర్ర బరువులో దాదాపు సగం నీళ్లే. అందుకే ఎగుమతి బేరం ఎండు టన్ను లెక్కన జరుగుతుంది. యంత్రంలో పడిన దుంగ క్షణాల్లో అగ్గిపెట్టె కన్నా చిన్న ముక్కలై గుట్టగా పడుతుంది. ఆ గుట్టలో సగానికి పైగా చైనాకు, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం జపాన్‌కు పోతుంది. ధర చెప్పేది కొనేవాడే. 2023లో సరుకు పదో వంతు కూడా తగ్గలేదు కానీ, రాబడి ఐదో వంతు పడిపోయింది.

అలాగని ఇండోనేషియాను చూసి నేర్చుకోమని చెప్పలేను. అక్కడ తోటల్లో అధిక భాగం లక్షల హెక్టార్ల లీజులు పొందిన కంపెనీల చేతిలో ఉంది. వాటి కోసం సుమత్రాలో పీట్ నేలల (సగం కుళ్లిన ఆకూ కొమ్మా పేరుకున్న చిత్తడి నేలలు) నీళ్లు తోడేశారు. ఎండిన ఆ నేలలు 2015లో ఎలా కాలాయో సింగపూర్ ఊపిరితిత్తులకు తెలుసు. వియత్నాంలో 1993 భూచట్టం తర్వాత కొండవాలు భూములపై దీర్ఘకాలిక హక్కు లక్షలాది కుటుంబాలకు దక్కింది. ఒకటి రెండు హెక్టార్లున్న రైతు తన మొక్క తానే నాటుకుంటాడు, తానే అమ్ముకుంటాడు. 1990 ప్రాంతంలో 28 శాతం దగ్గరకు దిగజారిన అటవీ విస్తీర్ణం ఇప్పుడు 42 శాతం దగ్గర ఉంది. అందులో తోటలూ కలిసే ఉన్నాయి, వాటిని అడవి అనాలా అన్నది వేరే గొడవ.

ప్రకాశం జిల్లా సుబాబుల్ రైతుకు ఈ బతుకు తెలియనిది కాదు. ఇతని కర్ర సారపాక కాగితం మిల్లుకో రాజమండ్రి మిల్లుకో లారీలో పోతుంది, వియత్నాం రైతుది సముద్రం దాటుతుంది.

వియత్నాం ప్రభుత్వానికి కూడా ఈ మొదటి స్థానం మీద మోజు లేదు. అయిదో ఏట నరికితే చిప్స్, పదేళ్లు ఆగితే ఫర్నిచర్ దుంగ. అక్కడి ఫర్నిచర్ పరిశ్రమ అమెరికా నుంచి, ఆఫ్రికా నుంచి కలప తెచ్చుకుంటోంది. రైతు ఆగాలని 2016లో చిప్స్ ఎగుమతిపై రెండు శాతం సుంకం వేశారు. రైతు ఆగలేదు. అతని భయం తుపాను. 2024 సెప్టెంబరులో యాగి తుపాను ఒక్క క్వాంగ్ నిన్ ప్రావిన్సులోనే లక్ష హెక్టార్లకు పైగా తోటలను దెబ్బతీసింది. ముందు ఏడాదే నరికి అమ్ముకున్నవాడి డబ్బు చేతిలో ఉంది, దుంగ లావెక్కాలని ఆగినవాడికి మిగిలింది విరిగిన మొండెం. ఆ నష్టం ఎవరు భరిస్తారో తేల్చకుండా సుంకం మరో రెండు శాతం పెంచినా, అతను ఏడో ఏడు దాకా కూడా ఆగడు.