గోపాల్‌పూర్ సీ ఫేసింగ్ ఫ్లాట్లు: ఆ మెసేజ్‌లో ఉన్నదెంత, లేనిదెంత

ఒడిశాలో మా బరంపురం తెలుగు గ్రూపుల్లో రెండు వారాలుగా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. ఇచ్ఛాపురం వాళ్ళు పంపారు, విశాఖ చుట్టాలు పంపారు. ఆఖరికి మా బావ కూడా పంపి, "ఇళ్ళ ప్లాన్లు గీసేవాడివి కదా, బయానా ఇచ్చేయమంటావా?" అని అడిగాడు. మెసేజ్ సారాంశం ఇదీ:

"గోపాల్‌పూర్ పక్కన సముద్రానికి ఎదురుగా కాలనీ. కింద షాపులు, పైన ఫ్లాట్లు. 200 మీటర్ల రూలు పోయింది, ఇప్పుడు 50 మీటర్లే. రిజిస్ట్రేషన్ అయ్యాక ఎవరూ కదపలేరు. సముద్రం ఏటా వెనక్కి పోతోంది. తుఫానొస్తే రాతిగోడ ఉంటుంది. మన జాలర్లు తరతరాలుగా ఒడ్డునే ఉంటున్నారు, వాళ్ళకేమైంది?"

బావకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నీటి ఒడ్డున ఇల్లు కట్టుకోకూడదని నా వాదన కాదు. ఈ మెసేజ్ చూసి కట్టుకోవద్దని.

"200 మీటర్ల రూలు పోయింది"

ఇందులో కాస్త నిజం ఉంది. అందుకే జనం నమ్ముతున్నారు. 2019 జనవరి 18 నాటి సీఆర్‌జెడ్ (సముద్ర తీరంలో కట్టడాలను నియంత్రించే కేంద్ర నిబంధనలు) నోటిఫికేషన్ తీరంలోని పల్లె ప్రాంతాలను రెండుగా విడదీసింది. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మంది కంటే ఎక్కువ ఉన్నచోట కట్టడాలు కూడని హద్దు 50 మీటర్లు. అంతమంది లేనిచోట 200 మీటర్లు అలాగే ఉంది. గంజాం జిల్లా సగటు అవే లెక్కల్లో సుమారు 430. సగటు వేరు, ఒక ఊరి లెక్క వేరు, ఒప్పుకుంటాను. కానీ మెసేజ్‌తో వచ్చిన ఫొటోలో కనిపించేవి మొగలి పొదలూ సరుగుడు తోటాను. రెండు వేల పైచిలుకు జనం ఆ సరుగుడు చెట్లెక్కి కూర్చున్నారేమో మరి.

జనం అంత ఉన్నా 50 మీటర్లు దానంతట అది వచ్చిపడదు. కొత్త రూలుకు తగ్గట్టు రాష్ట్రం తీరం మ్యాపు తయారుచేయాలి, కేంద్రం దానికి ఆమోదం ఇవ్వాలి. అప్పటిదాకా 2011 నాటి రూలే నడుస్తుంది. గోపాల్‌పూర్ ఊరి సంగతి వేరు, అది ఎన్ఏసీ, అంటే లెక్కకి చిన్న పట్టణం. ఇళ్ళతో నిండిన పట్టణాల్లో, ఉన్న రోడ్డుకో, అనుమతి ఉన్న పాత కట్టడానికో ఇవతల, నేల వైపునే కట్టాలి. ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుకైతే అన్నిటికంటే కఠినమైన వర్గంలోకి వస్తుంది.

మెసేజ్ అసలు ఎత్తని సంగతి ఇంకోటుంది. ఆ హద్దు దాటితే ఇష్టారాజ్యం కాదు. 500 మీటర్ల దాకా సీఆర్‌జెడ్ పరిధే. పల్లె ప్రాంతంలో ఆ మధ్య నేలలో ఇళ్ళకు అనుమతి అక్కడివాళ్ళ సంప్రదాయ హక్కుల మేరకే ఉంటుంది. అదీ 9 మీటర్ల ఎత్తుకి మించకుండా, కింద ఒకటి పైన ఒకటి, రెండంతస్తులు. బ్రోచర్ బొమ్మలో నేను లెక్కపెట్టినవి ఐదు.

ఇక ఆ మీటర్లు ఎక్కణ్ణించి కొలుస్తారు? ఆదివారం బావతో కలిసి వెళ్ళాను. పాటు వేళ, నీళ్ళు బాగా వెనక్కి ఉన్నాయి. ఏజెంటు కుర్రాడు తడి ఇసుకలో పుల్ల గుచ్చి, ఒకణ్ణి టేపుతో పరిగెత్తించి, "రెండొందల ముప్పై, చూసుకోండి సార్" అన్నాడు. రూలు చెప్పే హై టైడ్ లైన్ అది కాదు. పున్నమికీ అమావాస్యకీ వచ్చే పెద్ద పోటు ఎక్కడిదాకా ఎక్కుతుందో ఆ గీత. దాన్ని ప్రభుత్వం గుర్తించిన సంస్థ మ్యాపు మీద గీస్తుంది. మ్యాపు లేకపోయినా కంటికి కొంత తెలుస్తుంది. తోట మొదట్లో ఎండిన నాచు, సీసా మూతలు, తెగిన వల ముక్కలు వరసగా పడున్నాయి. అక్కణ్ణించి కొలవమన్నాను. కుర్రాడు టేపు చుట్టేశాడు.

తంపర చెరువుకు ఎదురుగా ఇళ్ళంటూ ఇంకో మెసేజ్ కూడా ఉందట. తంపర 2021లో రామ్‌సర్ జాబితాకెక్కింది, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా. 2017 చిత్తడి నేలల నిబంధనల ప్రకారం, అవి అమల్లోకి వచ్చేనాటికి ముందు పదేళ్ళలో వరద నీరు ఎక్కిన సగటు ఎత్తు నుంచి 50 మీటర్లలోపు పడవల జెట్టీ తప్ప శాశ్వత కట్టడం ఏదీ కూడదు. దాని గురించి ఇంతకంటే చెప్పేది లేదు.

"రిజిస్ట్రేషన్ అయ్యాక ఎవరూ కదపలేరు"

కొచ్చి పక్కన మరడులో నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలు ఉండేవి, నీటి ఒడ్డునే. పంచాయతీ అనుమతి ఇచ్చింది. దస్తావేజులున్నాయి, బ్యాంకు లోన్లున్నాయి, కాపురాలున్నాయి. సీఆర్‌జెడ్‌కి విరుద్ధమని 2019 మే నెలలో సుప్రీంకోర్టు కూల్చమంది. 2020 జనవరి 11, 12 తేదీల్లో పేలుడు పదార్థాలు పెట్టి నేలమట్టం చేశారు. కొన్నవాళ్ళకి మొదట 25 లక్షల చొప్పున మధ్యంతర పరిహారం ఇమ్మన్నారు. రిజిస్ట్రేషన్ అంటే అమ్మినవాడి నుంచి కొన్నవాడికి హక్కు మారిందనడానికి రుజువు. ఆ నేల మీద ఇల్లు కట్టొచ్చనడానికి కాదు.

మనవాళ్ళకి ఇంకో చిక్కుంది. ఒడిశా ఖతియాన్, అంటే భూమి హక్కుల పత్రం, ఒడియాలో ఉంటుంది. ఇక్కడే పుట్టిన మాకు చదవడం వచ్చు. విశాఖ నుంచి వచ్చి కొనేవాళ్ళకి ఏజెంటు ఏం చదివితే అదే. అందులో కిసమ్ (భూమి రకం) అనే గడి చూడండి. ఘరబారి అని ఉంటే ఇంటి స్థలం, శారద అని ఉంటే వరి భూమి. వరి భూమిలో ఇల్లు కట్టాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఏ కింద మార్పిడి జరగాలి. ఇక స్థలం 500 చదరపు మీటర్లూ, ఫ్లాట్లు ఎనిమిదీ దాటితే రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదు కాకుండా అసలు ప్రకటనే ఇవ్వకూడదు. రాతపూర్వక ఒప్పందం రిజిస్టర్ కాకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. వీళ్ళు అడుగుతున్నది ముప్పై.

రెరా నంబరు, సర్వే నంబరు కనిపించేలా సీఆర్‌జెడ్ మ్యాపు, 8-ఏ ఉత్తర్వు పంపమని బావ మెసేజ్ పెట్టాడు. రెండు నీలం టిక్కులు పడ్డాయి. నాలుగు రోజులైంది.

"సముద్రం వెనక్కి పోతోంది"

జనవరి, ఫిబ్రవరిలో వచ్చి చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. అప్పుడు బీచ్ వెడల్పుగా ఉంటుంది, సైట్ విజిట్లు కూడా అప్పుడే పెడతారు. అదే చోటికి ఆగస్టులో రండి. మన తూర్పు తీరంలో ఇసుక ఒకచోట కూర్చోదు. నైరుతి రుతుపవనాల అలలు దాన్ని ఒడ్డు వెంబడి ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య గాలుల కాలంలో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం మీద చూస్తే పోయేది ఉత్తరానికే ఎక్కువ. మధ్యలో అడ్డుకట్ట కడితే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు తరుగుతుంది. పుదుచ్చేరిలో రేవు కట్టాక ఊరి బీచ్ పోయింది అందుకే. ఒకచోట సముద్రం వెనక్కి పోయిందంటే ఇంకెవరి ఒడ్డో తగ్గిందేమో చూసుకోవాలి.

"రాతిగోడ ఉంటుంది"

ఉప్పాడ చూశారు కదా. రాళ్ళు వేశారు, జియో ట్యూబులు (ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులు) వేశారు. అయినా పెద్ద తుఫానొస్తే బీచ్ రోడ్డు తెగుతుంది. గోడకి కొట్టిన అల దాని పాదం దగ్గర ఇసుకను తవ్వేస్తుంది. బీచ్ పోయి గోడ ఒంటరిగా మిగులుతుంది. సీ ఫేసింగ్ అని కొంటే చివరికి రాళ్ళ ఫేసింగ్.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తీరం దాటింది ఇక్కడే, గోపాల్‌పూర్ దగ్గర. గాలి గంటకు 200 కిలోమీటర్లు. ఐదేళ్ళకి తిత్లీ పలాస వైపు దాటింది. అలాంటి గాలి ఏళ్ళకోసారి వస్తుంది. ఉప్పు మాత్రం రోజూ వస్తుంది. సముద్రపు తుంపర తగిలే కాంక్రీటుకి ఐఎస్ 456 (కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం) ప్రకారం ఊచల మీద కవరు, అంటే కప్పే కాంక్రీటు పొర, 50 మిల్లీమీటర్లు ఉండాలి, కాంక్రీటు కనీసం ఎం35 గ్రేడు. బరంపురంలో మామూలు ఇంటి స్లాబుకి మేం పెట్టేది 20. సైట్‌లో మోడల్ ఫ్లాటు మెట్ల కింద అప్పుడే తుప్పు మరక కనిపించింది, గోరుతో గీరితే పెచ్చు ఊడింది. ఇంటీరియర్ మాత్రం బ్రహ్మాండంగా ఉంది, అది ఒప్పుకోవాలి.

"జాలర్లు ఒడ్డునే ఉంటున్నారుగా"

నాకు కోపం తెప్పించింది ఈ మాట. గంజాం తీరంలో జాలరి కుటుంబాలు ఎక్కువ మన తెలుగువాళ్ళే. వాళ్ళు ఒడ్డున ఉండేది పడవ లాగడానికీ, వల ఆరబెట్టడానికీ. బాల్కనీలో కాఫీ తాగడానికి కాదు. పాతకాలపు ఇళ్ళు మట్టిగోడలు, తాటాకు కప్పు. ఇసుక దిబ్బకు ఇవతల కట్టుకునేవారు, నీళ్ళు దగ్గరకొస్తే విప్పుకుని వెనక్కి జరిగేవారు. పునాది వేసి ఐదంతస్తులు లేపితే జరగడానికి ఉండదు.

వాళ్ళకేమైందో చూడాలంటే ఋషికుల్య ముఖం దగ్గర పొడంపేటకి వెళ్ళండి. నేను వెళ్ళినప్పుడు ఒక ఇంటి వెనక గోడ మాత్రమే మిగిలి ఉంది. గోడకి నీలం సున్నం, సున్నంలో దేవుడి గూడు, గూట్లో ప్రమిద నూనె మరక. గుమ్మం ఉండాల్సినచోట అల వచ్చి పోతోంది. ఊళ్ళో వాళ్ళని లోపలికి, కొత్త కాలనీకి తరలించారు. పడవ మాత్రం ఇప్పటికీ ఒడ్డునే ఉంచాలి కాబట్టి, ఇంజన్ భుజాన వేసుకుని తెల్లవారుజామున నడిచి వస్తున్నారు.